చూడాల్సింది తేమ, ఫోను కాదు

2025 నుంచి మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే ముందుగా యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. పొడవు పింజ పత్తికి ఆ ఏడాది ప్రకటించిన ధర క్వింటాకు 8,110 రూపాయలు. అది చేతికి రావాలంటే స్మార్ట్‌ఫోన్, సిగ్నల్, ఓటీపీ మూడూ కుదరాలి. పాత ఫోనులో యాప్ అప్‌డేట్ కాదు. ఆధార్‌కు ఇచ్చిన నంబరు మారితే ఓటీపీ రాదు. తన పేరున పట్టా లేని కౌలు రైతుకు నమోదే కష్టం. అప్పు తీర్చాల్సిన రైతు స్లాట్ కోసం ఎన్నాళ్లు ఆగుతాడు? వచ్చిన ధరకు దళారికి అమ్ముకుంటాడు.

ఫోను లేదని పత్తిని వెనక్కి పంపడం అన్యాయం. 12 శాతం లోపు తేమ ఉన్న పత్తి తెచ్చిన ప్రతి రైతుకూ కొనుగోలు కేంద్రంలోనే కాగితంపై నమోదు చేయాలి. కౌలు రైతుకు సాగు ధ్రువపత్రం ఇచ్చి కొనాలి. సీజన్ నడుస్తుండగా యాప్ మార్చకూడదు. ఈ మూడు డిమాండ్లతో మన గ్రామ శాఖలన్నీ తహసీల్దారుకు వినతిపత్రాలు ఇవ్వాలి.