రాక్షసుడంటే కోరలేనా?

సంపాదకులకు,

గత సంచికలో తెరమీది రాక్షసుల గురించి వేసిన వ్యాసం చదివాను. మన కళల్లో రాక్షసుడు మొదటినుంచీ కోరలున్న నల్లటి వికృతరూపమేననీ, అతనికీ మనసుందని చూపడం విదేశీ సినిమాలు నేర్పిందేననీ రాశారు. ఇది పూర్తిగా తప్పు.

1957 నాటి ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావు వేసిన ఘటోత్కచుడు రాక్షసుడే కదా! తమ్ముడి పెళ్లి కోసం కౌరవుల విడిదినే తలకిందులు చేసిన అన్న అతను. ఆ ఠీవి ముందు రాజులే వెలవెలబోయారు. మరుసటి ఏడాది ‘భూకైలాస్’లో ఎన్టీఆర్ రావణుడు తల్లి పూజ కోసం ఆత్మలింగం తేబోయిన కొడుకు. 1961లో ‘సీతారామ కళ్యాణం’ తీసినప్పుడు ఆయన రాముడి వేషం హరనాథ్‌కిచ్చి, రావణుడి పాత్ర తానే ఉంచుకున్నారు.

సినిమా పుట్టక ముందు సంగతీ చూడండి. మహాబలిపురం గుహలో పల్లవ శిల్పి మహిషాసురుడికి దున్నపోతు తల పెట్టాడు, ఒళ్లు మాత్రం వీరుడిది. గద పట్టుకుని వెనక్కి వాలాడే గాని నేలకూలలేదు.

ఇక నలుపు మాట. రాముడూ కృష్ణుడూ నల్లనివాళ్లే. ఒంటిరంగును దుష్టత్వానికి గుర్తుగా అచ్చువేస్తే, బడిలో ఆ మాట పడేది చామనఛాయ పిల్లలు. అలా ఏడ్చినవాళ్లను నా తరగతిలో ఓదార్చాను. దయచేసి వచ్చే సంచికలో సవరణ వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి