ఏడు దేశాల ఇంగ్లీషు

దక్షిణ కొరియాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతకాలంటే ఇ-2 అనే వీసా కావాలి. దానికి ఏదో ఒక డిగ్రీ ఉండాలి, నేరచరిత్ర ఉండకూడదు, చేతిలో సరైన పాస్‌పోర్టు ఉండాలి. సరైనదంటే అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా. ఈ ఏడింట్లో ఒకటి. డిగ్రీ భూగర్భశాస్త్రంలో ఉన్నా ట్యూషన్ సెంటర్లకి అభ్యంతరం లేదు. పదిహేనేళ్ళుగా ఇంగ్లీషు వ్యాకరణం చెబుతున్న మనీలా టీచరమ్మకి మాత్రం ఆ తలుపు తెరుచుకోదు. ఎందుకయ్యా అంటే ఆవిడ ‘నేటివ్ స్పీకర్’ కాదు.

ఈ నేటివ్ అనే మాటకీ భాషకీ సంబంధం లేదని నా వాదన. దానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు, ఇంకో జాబితా తెచ్చి పక్కన పెడితే చాలు. వీసా కోసం ఇంగ్లీషు పరీక్ష రాయనక్కర్లేని దేశాలంటూ బ్రిటన్ ప్రభుత్వం ఒక జాబితా పెట్టుకుంది. అందులో జమైకా ఉంది, బార్బడోస్ ఉంది, గయానా ఉంది. దక్షిణాఫ్రికా లేదు. అంటే కేప్‌టౌన్ మనిషి సోల్‌లో దిగితే ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాడు, లండన్‌లో దిగితే ఇంగ్లీషు వచ్చని రుజువు తేవాల్సినవాడు. కింగ్‌స్టన్ మనిషి పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు. అదే జమైకా మనిషిని జపాన్ ప్రభుత్వం మాత్రం తన జెట్ కార్యక్రమం కింద బడుల్లోకి పిలిచి మరీ పెట్టుకుంటుంది. విమానం ఎక్కి దిగేలోపు మారిపోయేది మాతృభాష ఎలా అవుతుంది? అది ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర వేసే ముద్ర.

దక్షిణాఫ్రికా సంగతి ఇంకా విచిత్రం. 2022 జనగణన ప్రకారం అక్కడ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు 8.7 శాతం. మిగతావాళ్ళ ఇళ్ళల్లో జులు, షోసా, ఆఫ్రికాన్స్ వగైరా. కొరియా ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. అందుకే తన బడుల్లో చేరే దక్షిణాఫ్రికా వాళ్ళని ఏడో తరగతి నుంచీ ఇంగ్లీషు మీడియంలోనే చదివినట్టు స్కూలు నుంచి లేఖ తెమ్మంటుంది. మంచిదే. చదువుని బట్టి భాషని అంచనా కట్టొచ్చని ఒప్పుకున్నట్టేగా? మరి అదే లేఖ గుంటూరు నుంచో వరంగల్ నుంచో తెస్తే ఎందుకు చెల్లదు?

ఇక్కడిదాకా వచ్చేసరికి మనవాళ్ళలో చాలామంది తల ఊపుతారు. ఊపి, వెంటనే ఒక మాట అంటారు: “మనం ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే, మనమూ నేటివ్‌లమే. ఆ ఏడింటి పక్కన మనల్నీ చేర్చాలి.” నా అసలు పేచీ ఈ మాటతోనే.

మనకి ఒక చిన్న కిటికీ ఇప్పటికే తెరిచారు. భారత్, కొరియాల మధ్య 2010లో అమల్లోకి వచ్చిన ఆర్థిక ఒప్పందం ప్రకారం ఇంగ్లీషులో డిగ్రీ, దాంతోపాటు టీచర్ లైసెన్సూ ఉన్న భారతీయులు అక్కడి ప్రభుత్వ బడుల్లో సహాయక టీచర్లుగా పనిచేయొచ్చు. ఏడు దేశాలవాళ్ళకి అక్కర్లేని రెండు అర్హతలు మనకి కావాలన్నమాట. దీన్ని అవమానంగా చూసేవాళ్ళున్నారు. నేను తిరగేసి చూస్తాను. ఇంగ్లీషు చదివి, పాఠం చెప్పడం నేర్చుకుని రావాలన్నది టీచరుకి పెట్టాల్సిన అసలైన షరతు. తప్పల్లా దాన్ని మనకి మాత్రమే పెట్టడంలో ఉంది.

ఎనిమిదో కుర్చీ మనకి వేశారే అనుకుందాం. నేపాలీ టీచరు, వియత్నాం టీచరు బయటే ఉంటారు. అంతదూరం ఎందుకు, మన ఊళ్ళోనే తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత ఇంగ్లీషు ఎమ్మే చేసిన మనిషి ఎక్కడుంటాడు? జపాన్ వీసా నియమాల్లో ఒక నమూనా ఉంది: ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు పన్నెండేళ్ళు ఆ మీడియంలో చదివినట్టు చూపించాలి. పాస్‌పోర్టు కంటే ఇది మేలే, సందేహం లేదు. కానీ ఈ గీత కార్పొరేట్ స్కూలు పిల్లాణ్ణి లోపలికి రానిచ్చి, జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి కష్టపడి ఇంగ్లీషు సాధించినవాణ్ణి ఆపేస్తుంది. ఆ ఇద్దరిలో భాష నేర్చుకోవడమంటే ఏమిటో ఎవరికి ఎక్కువ తెలుసు?

భాష రావడం వేరు, నేర్పడం వేరు. “మనం వెళ్దాం” అనాలా “మేం వెళ్తాం” అనాలా అని మీ ఢిల్లీ స్నేహితుడు అడిగితే తప్పు దిద్దగలరు. తేడా ఏమిటో అతనికి ఎక్కేలా చెప్పగలరా? “నాకు ఆకలేస్తోంది”లో ‘నేను’ ఎందుకు రాదో చెప్పమంటే మనలో ఎంతమంది గుటకలు మింగకుండా ఉంటాం? పుట్టుకతో వచ్చిన భాష ఊపిరిలాంటిది. పీల్చడం అందరికీ వచ్చు, ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తాయో డాక్టరు చెప్పాలి.

పైగా కొరియన్‌లో తెలుగులాగే క్రియ వాక్యం చివర వస్తుంది. తెలుగులాగే ‘ఎ’, ‘ద’ల గొడవ లేదు. వాక్యం నడుమ క్రియని పెట్టడానికీ, ‘ద’ ఎక్కడ వేయాలో ఎక్కడ మానాలో తేల్చుకోవడానికీ ఏళ్ళ తరబడి తిప్పలు పడ్డ తెలుగు టీచరుకి, సోల్‌లో పిల్లాడు ఏ మెట్టు దగ్గర తడబడతాడో ముందే తెలుస్తుంది. టొరంటో కుర్రాడికి అక్కడ మెట్టు ఉందనే తెలియకపోవచ్చు.

తెలుగువాళ్ళకి ఈ విషయం ఒకరు చెప్పాలా? కలకత్తాలో పుట్టి, ఉద్యోగం కోసం తెలుగు నేర్చుకున్న ఇంగ్లీషువాడు సి. పి. బ్రౌన్ మనకి నిఘంటువు చేసిపెట్టాడు, వేమన పద్యాలు వెతికి అచ్చువేశాడు, తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ప్రొఫెసర్ అయ్యాడు. సవర భాష గిడుగు రామమూర్తి ఇంటి భాష కాదు. పెద్దయ్యాక నేర్చుకుని, ఆ పిల్లల కోసం బడులు పెట్టి, పుస్తకాలు రాసి, వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశాడు. నేటివ్ నిబంధన పెడితే ఇద్దరూ మొదటి వడపోతలోనే పోయేవాళ్ళు.

“ఏం చేస్తాం, తల్లిదండ్రులు తెల్లముఖమే కావాలంటున్నారు, మార్కెట్ అలా ఉంది” అంటారు ట్యూషన్ సెంటర్ల యజమానులు. ఫలానా కులంవాళ్ళకి ఇల్లు అద్దెకివ్వని ఓనరు కూడా “నాకేం లేదండీ, పక్కవాళ్ళు ఊరుకోరు” అనే అంటాడు. ఆ జవాబుని ఎంత గౌరవిస్తామో దీన్నీ అంతే గౌరవిద్దాం. ఇక యాక్సెంట్ అంటారా, గ్లాస్గో మనిషినీ టెక్సస్ మనిషినీ ఒక గదిలో కూర్చోబెట్టి, వాటిలో పిల్లలకి ఏది నేర్పాలో ముందు తేల్చమనండి.

ఈ పట్టింపుకి వయసెక్కువే. 1961లో ఉగాండాలోని మకెరెరేలో జరిగిన కామన్వెల్త్ సదస్సు, ఇంగ్లీషుకి ఆదర్శ టీచరు నేటివ్ స్పీకరే అన్న నమ్మకానికి అధికారిక ముద్ర వేసింది. దాన్ని భ్రమగా తేలుస్తూ రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో పుస్తకం రాశాడు. అంతకుముందే, 1985లో, కేరళలో పుట్టి కెనడాలో నిఘంటువులు చేసిన థామస్ పైకడే తన పుస్తకానికి ‘ద నేటివ్ స్పీకర్ ఈజ్ డెడ్!’ అని పేరే పెట్టేశాడు. ఇంగ్లీషు టీచర్ల అంతర్జాతీయ సంఘం టీసాల్ 2006లో ఈ వివక్షని ఖండించింది. దేవుడు వరమిచ్చాడు, వీసా ఆఫీసు పూజారే ఇంకా ఇవ్వలేదు.

పోనీ ఈ ఏర్పాటు నేటివ్‌లనైనా బాగా చూసుకుందా? 2007 నుంచి కొరియా ఇ-2 టీచర్లకి హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి చేసింది. అదే పని చేసే కొరియన్ సంతతివాళ్ళకి ఆ పరీక్ష లేదు. ఒక న్యూజీలాండ్ టీచరు ఎదురుతిరిగితే, ఇది జాతివివక్షేనని ఐక్యరాజ్యసమితి కమిటీ 2015లో తేల్చింది. 2017లో నిబంధన ఎత్తేశారు. మనిషిని పుట్టుకని బట్టి పనిలో పెట్టుకున్నవాళ్ళు, పుట్టుకని బట్టే అనుమానిస్తారు కూడా. ఏళ్ళ తరబడి శిక్షణ తీసుకున్న నేటివ్ టీచరు సైతం అక్కడ షోకేసులో బొమ్మే.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. హైదరాబాద్‌లో 1958లో మొదలైన కేంద్ర ఇంగ్లీషు సంస్థ ఇవాళ ఇఫ్లూ. ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి ఇంగ్లీషు నేర్చుకోవడానికీ, నేర్పడం నేర్చుకోవడానికీ అక్కడికి వస్తారు. అది మనం గర్వంగా చెప్పుకుంటాం. అదే నోటితో ‘ఇస్కూలు’ అన్నవాణ్ణి చూసి నవ్వుతాం. సాహిత్య సభలో ఎవరైనా కామూని ‘కామస్’ అంటే, ఆ మనిషి కామూ గురించి ఏం చెప్పాడో వినడం మానేసి పక్కవాడి వంక చూస్తాం. శ్రీకాకుళం యాసని, తెలంగాణ యాసని దశాబ్దాల పాటు సినిమాల్లో కమెడియన్లకీ రౌడీలకీ కేటాయించింది మనమే. తెలుగులోనే కొందరు ఎక్కువ నేటివ్, కొందరు తక్కువ నేటివ్ అని జాబితా రాసుకున్నవాళ్ళం, సోల్ జాబితాలో మన పేరు లేదని ఏ మొహంతో అలుగుతాం?

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి ఇంటర్వ్యూలు చేస్తుంటాను. అభ్యర్థి చేత కోడ్ రాయిస్తాం, ఎందుకలా రాశావని అడుగుతాం. మా రంగంలో వివక్ష లేదని కాదు, బోలెడుంది. కానీ చేయాల్సిన పనిని చేయించి చూడటం అనే కనీస మర్యాద ఉంది. టీచరుకీ అదే చాలు. ముప్పావు గంట క్లాసు చెప్పనివ్వండి. పిల్లాడు తప్పు చేసినప్పుడు ఏం చేశాడో చూడండి. శిక్షణ ఎక్కడ తీసుకున్నాడో అడగండి. అవన్నీ చూశాక ఎక్కడ పుట్టాడో తెలుసుకోవాలని ఇంకా అనిపిస్తే, టీ తాగుతూ అడగండి, తప్పులేదు.

మనం అడగాల్సింది ఎనిమిదో కుర్చీ కాదు. ఆ ఏడు కుర్చీలూ అక్కణ్ణుంచి తీసెయ్యమని.