గాడిదకు గంత, సైకిలుకు సీటు



రాజులు రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములోని షూనేమీయురాలిని మనమందరము ఎరుగుదుము. బిడ్డ ఒడిలోనే చనిపోగా ఆ తల్లి గాడిదకు గంత కట్టించుకొని, కర్మెలు పర్వతమున ఉన్న ప్రవక్త యొద్దకు బయలుదేరినది. సుమారు పాతిక కిలోమీటర్ల దారి. మన భీమడోలు నుండి ఏలూరు వెళ్లి, ఇంకా కొంత ముందుకు పోయినంత దూరము. అంత దుఃఖములో, అంత తొందరలో కూడ ఆమె గంత లేకుండ ఎక్కలేదు. ఆమె విశ్వాసమును గూర్చి ప్రసంగములు చాల విన్నాము. గంతను గూర్చి మాత్రము ఎవరును చెప్పగా వినలేదు. ఈ నెల దానిని గూర్చియే వ్రాయుచున్నాము.

గాడిదలు పోయినవి, సైకిళ్లు వచ్చినవి. పూళ్ల, గుండుగొలను, ఆగడాలలంక వైపు తెల్లవారుజామున చూడండి. బడికి పోవు పిల్లలు, చెరువుల మీద పనికి పోవు తల్లులు, అంగన్‌వాడీకి పోవు అమ్మలు ఎందరో సైకిలు మీదనే కనబడుదురు. 2017 ప్రాంతములో ‘బడికొస్తా’ పథకము కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు మనమందరము సంతోషించితిమి. అయితే సైకిలు ఇచ్చినంత మాత్రమున ప్రయాణము సుఖము కాదు.

మా సంఘములో తొమ్మిదవ తరగతి చదువు పిల్ల ఒకతె రెండు వారములు బడి మానినది. జ్వరమని తల్లి చెప్పినది. మా ఇంటివారు వెళ్లి ప్రక్కన కూర్చుండి మెల్లగా అడుగగా అసలు సంగతి బయటపడినది. సీటు ఒరుసుకొని పుండు పడినది. తండ్రితో చెప్పుటకు సిగ్గు. తండ్రికేమో పిల్లకు చదువు మీద మనసు లేదని తోచినది, సంబంధములు చూచుటకు కూడ మొదలుపెట్టినాడు. సైకిలు సీటు వలన ఒక ఆడపిల్ల చదువు ఆగిపోవలసి వచ్చినదని ఎవరైనా అనుకొందురా? షాపులో వెడల్పాటి సీటు వేయించి, ఎత్తు సరిచేయించిన తరువాత ఆ పిల్ల మరల బడికి పోవుచున్నది.

సంఘ పత్రికలో ఈ మాటలేమిటని కొందరు పెద్దలు అనవచ్చును. లేవీయకాండము పదునైదవ అధ్యాయము చదివినవారు ఆ మాట అనరు.

ఇది క్రొత్త కష్టము కాదు. ఇంగ్లాండులో బ్రూక్స్ అను తోలుపనివాడు 1866లో గుర్రపు సామాను కంపెనీ పెట్టినాడు. తరువాత సైకిలెక్కి ఒళ్లు నొప్పిపడి, తోలు సీటు తయారుచేసి 1882లో పేటెంటు కోరినాడు. 1890లలో స్త్రీలు సైకిలెక్కినప్పుడు సీటు వలన హాని అని వైద్యులు కొందరు అభ్యంతరము చెప్పిరి. నడుమ ఖాళీ ఉన్న సీట్లు అప్పుడే బజారుకు వచ్చినవి. క్రైస్తవ స్త్రీల మద్యనిషేధ సమాజమునకు అధ్యక్షురాలైన ఫ్రాన్సిస్ విల్లర్డు 53వ ఏట సైకిలు నేర్చుకొని, 1895లో దానిని గూర్చి పుస్తకమే వ్రాసినది. 1985లో అమెరికాలో జార్జినా టెర్రీ అను ఇంజనీరు స్త్రీల కొరకే సైకిళ్ల కంపెనీ ఆరంభించినది. వారి కంపెనీ స్త్రీల సీట్లకు కూడ పేరుపొందినది.

ఇక సీటు సంగతి. మనము కూర్చున్నప్పుడు బరువు మోయునవి పిరుదుల క్రింది రెండు ఎముకలు. సాధారణముగా స్త్రీలకు ఈ రెంటి నడుమ దూరము పురుషులకన్న ఎక్కువ. సన్నని సీటు మీద ఆ ఎముకలు అంచులు దాటిపోయి, బరువంతయు నడుమనున్న మెత్తని భాగము మీద పడును. మంటకు, తిమ్మిరికి, పుండుకు కారణము ఇదే. కొలత ఇంట్లోనే తీసికొనవచ్చును. గట్టి బల్ల మీద డబ్బా అట్టముక్క వేసి, దాని మీద కూర్చుండి మోకాళ్లు కొంచెము పైకెత్తవలెను. లేచి చూచిన రెండు గుంటలు కనబడును. ఒక గుంట మధ్య నుండి రెండవ దాని మధ్యకు స్కేలుతో కొలిచి, మరి రెండు మూడు సెంటీమీటర్లు కలిపిన, సీటు వెనుక భాగము కనీసము అంత వెడల్పు ఉండవలెను. లేడీస్ సైకిలు మీద నిటారుగా కూర్చుందురు గనుక ఇంకొంచెము ఎక్కువైనను మంచిదే. ముందు ముక్కు మాత్రము మరీ వెడల్పుగా ఉండరాదు, తొడలు ఒరుసుకొనును.

ఎంత మెత్తగా ఉంటే అంత సుఖమని అందరు అనుకొందురు. స్పాంజి కవరు కొని తొడిగెదరు. రెండు కిలోమీటర్లకైతే సరే. పది కిలోమీటర్లు పోవువారికి అది మేలు చేయదు. ఎముకలు స్పాంజిలో దిగిపోయి, నడుమ భాగము ఉబ్బి పైకి ఒత్తును. కొంచెము గట్టిదైనను ఎముకలను మోయు సీటే దూరమునకు నిలుచును. మన చెరువు గట్ల గుంతలకు క్రింద స్ప్రింగులున్నది తీసికొనండి.

మంచి సీటైనను ఎత్తు తప్పితే బాధే. పెడలు అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు ఇంచుమించు చాచినట్లుండవలెను. సీటు మరీ ఎత్తైతే నడుము అటు ఇటు ఊగి చర్మము ఒరియును. మరీ దిగువైతే బరువంతయు సీటు మీదనే పడును, మోకాళ్లు నొచ్చును. ముక్కు పైకి లేచియుండకూడదు. క్రిందికి వంగితే మనిషి ముందుకు జారి చేతులు లాగును. సమముగా పెట్టించండి. క్రింద లావు కుట్టున్న బట్టలు, తడిసిన బట్టలు పుండును పెంచును. ఉతికి ఆరిన నూలు బట్టలు మేలు. చాలసేపు తిమ్మిరి వదలకున్నను, పుండు మానకున్నను, మూత్రములో మంట ఉన్నను దాచుకొనక ఏఎన్ఎమ్‌కు గాని ఆసుపత్రిలో డాక్టరమ్మకు గాని చూపించవలెను.

తండ్రులకు ఒక మాట. సైకిలు కొనునప్పుడు బెల్లు పదిసార్లు మ్రోగించి చూచెదరు, ఎక్కవలసిన పిల్లను మాత్రము ఇంటి దగ్గర వదిలి వచ్చెదరు. పిల్లను వెంట తీసికొని వెళ్లి, సీటు మీద కూర్చుండబెట్టి, షాపు చుట్టు నాలుగు చుట్లు తొక్కించండి. బాగున్నదా అని తల్లి చేత అడిగించండి, మీరు అడిగితే బాగున్నదనియే చెప్పును. క్రొత్త సీటు వేయించిన వారము తరువాత బోల్టు వదులై ముక్కు వంగుట కద్దు, పానా పెట్టి ఒకసారి బిగించండి.