డిస్కు బాగానే ఉంది కదా, ఎందుకు తుడిచారు?

"కొత్త సిస్టమ్ కొన్నావా? అయితే ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేసేసుకో, గొడవ ఉండదు."

మన హైదరాబాదులో ఈ సలహా ఇవ్వని సాఫ్టువేరు ఇంజనీరుని ఎవరైనా చూపిస్తే, అతనికి నా సొంత ఖర్చుతో షాదాబ్‌లో బిర్యానీ పెట్టిస్తా. విండోసు వాడేవాళ్ళు ఈ మాటంటే పోనీలే అనుకోవచ్చు. వాళ్ళకి దెబ్బలు తగిలి తగిలి వచ్చిన అలవాటది. కానీ పొద్దున లేస్తే లినక్సు సర్వర్లలోనే బతికే జనం, కెర్నలంటే ఏంటో ఇంటర్వ్యూల్లో పిల్లల్ని నిలదీసే జనం కూడా ఇదే పాట పాడుతుంటే ఒళ్ళు మండుతుంది. ఇన్‌స్టాలయ్యి, చక్కగా నడుస్తున్న లినక్సుని కొత్త కంప్యూటరులోకి మార్చడానికి మళ్ళీ మొదట్నించి ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. మన సొంత లాప్‌టాప్‌లో చేసుకుంటే అది బద్ధకం. ఇంకొకరి మెషీనులో చేస్తే మాత్రం అది వాళ్ళ సొమ్ము తగలబెట్టడమే. నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్తాను, మీరే తేల్చండి.

జూపార్కుకి దగ్గర్లో, కిషన్‌బాగ్‌లో ఒక చిన్న షాపుంది. జిరాక్సు, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పెళ్ళి కార్డుల డిజైన్లు. పాతబస్తీలో పెళ్ళికార్డు అంటే మామూలు విషయం కాదు. ఒకే కార్డులో ఉర్దూ, ఇంగ్లీషు. పక్క గల్లీ వాళ్ళకయితే తెలుగు, ఇంగ్లీషు. డిజైను ఇక్కడ చేసి, అచ్చుకి ఛత్తా బజారుకి పంపుతారు. ఆయన 2014 దాకా విండోస్ ఎక్స్‌పీ వాడాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మైక్రోసాఫ్టు ఎక్స్‌పీకి సపోర్టు ఆపేసినప్పుడు, ఇంజనీరింగ్ చదువుతున్న ఆయన మేనల్లుడు డెబియన్ పెట్టి ఇచ్చాడు. పెట్టి వదిలెయ్యలేదు పాపం, ఆ షాపుకి ఏమేం కావాలో ఒక్కొక్కటీ కూర్చుకుంటూ వచ్చాడు. ఉర్దూకి జమీల్ నూరీ నస్తాలీఖ్ ఫాంటు, తెలుగుకి పోతన, సురన్న, మండలి. ఉర్దూ అక్షరాలు ఆయన వేళ్ళకి అలవాటైన చోట్లో ఉండేలా మార్చిన కీబోర్డు లేఅవుటు. ఇంక్‌స్కేప్‌లో కార్డుల టెంప్లేట్లు. కెనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటరు - ఆ ప్రింటరుది క్యాప్ట్ అనే సొంత భాష, మామూలు డ్రైవర్లు పనిచెయ్యవు, లినక్సులో దాన్ని దారికి తేవడం ఎంత పనో చేసినవాళ్ళకే తెలుసు. అన్నిటికంటే ముఖ్యం, బిల్లులూ ఉద్దెర లెక్కలూ రాసుకోవడానికి మేనల్లుడే పీహెచ్‌పీలో రాసిచ్చిన చిన్న ప్రోగ్రాము, వెనకాల మరియాడీబీ.

తర్వాత ఆ కుర్రాడు గల్ఫు వెళ్ళిపోయాడు. కిందటేడు షాపులో మదర్‌బోర్డు పోయింది. మళ్ళీ చెప్తున్నా, మదర్‌బోర్డు పోయింది. డిస్కుకి ఏమీ కాలేదు. సికింద్రాబాదు సీటీసీకి వెళ్ళి కొత్త బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ కట్టించుకొచ్చారు. పాత డిస్కే అందులో తగిలించారు. ఆన్ చేస్తే బూటు కాలేదు. అప్పుడు దిగాడు మన హీరో, చుట్టాల్లో ఒకాయన, హైటెక్ సిటీలో క్లౌడ్ మైగ్రేషన్ ప్రాజెక్టులో పెద్ద ఉద్యోగం. "పాత ఇన్‌స్టలేషన్ కొత్త హార్డువేరులో పనిచెయ్యదు" అని తీర్పు చెప్పి, డాక్యుమెంట్స్ ఫోల్డరు ఒక పెన్‌డ్రైవులోకి తీసుకుని, డిస్కు మొత్తం తుడిచేసి కొత్త ఉబుంటు పెట్టి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

మరియాడీబీ డేటా ఎక్కడుంటుందో మీకు నేను చెప్పాలా? వార్ కింద లిబ్, దాని కింద మైఎస్‌క్యూఎల్. డాక్యుమెంట్స్‌లో ఉండదు. ఫాంట్లు, ఇంక్‌స్కేప్ టెంప్లేట్లు చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లలో ఉంటాయి, ఫైల్ మేనేజరులో కంటికి కనపడవు. ప్రింటరు సెట్టింగులు ఈటీసీ కింద కప్స్‌లో ఉంటాయి. అన్నీ పోయాయి. ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో ఆ లెక్క పోయింది. "మేం ఇచ్చేసినం కద" అంటే కాదనడానికి ఇప్పుడు షాపాయన దగ్గర కాగితమ్ముక్క కూడా లేదు. నేను వెళ్ళేసరికి ఆ డిస్కు మీద కొత్త సిస్టం నెల్లాళ్ళుగా నడుస్తోంది, పైనుంచి ఇంత రాసేశాక తిరిగి తవ్వి తియ్యడానికి మిగిలింది దాదాపు ఏమీ లేదు. ఆయన నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: "డిస్కు మంచిగనే ఉండె కద భాయ్, మరి ఎందుకు తుడిచిండ్రు?"

నాకయితే జవాబు దొరకలేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

బ్యాకప్ లేకపోవడం షాపాయన తప్పేగా అని కొందరంటారు. నిజమే, బ్యాకప్ ఉండాల్సింది. అయితే ఒక డాక్టరు బాగున్న కిడ్నీ కోసి పారేసి, "మీరు ఇంకో కిడ్నీ దాచుకోవాల్సింది" అంటే ఒప్పుకుంటారా?

అసలీ జబ్బు మనకి విండోసు నుంచి అంటింది. 2001లో ఎక్స్‌పీతో పాటు వచ్చిన యాక్టివేషన్ మీ సిస్టముని మీ హార్డువేరుకి కట్టేసింది. కంప్యూటరుతో పాటు వచ్చే ఓఈఎమ్ లైసెన్సయితే ఆ మదర్‌బోర్డుతోనే దాని ఆయుష్షు తీరిపోతుంది. ఆ రోజుల్లో ఎక్స్‌పీ డిస్కు తీసి వేరే బోర్డులో పెడితే నీలితెర, దాని మీద 7బీ అన్న ఎర్రరు. ఎందుకంటే కొత్త డిస్కు కంట్రోలరుకి కావాల్సిన డ్రైవరు బూటు సమయానికి సిద్ధంగా ఉండేది కాదు. (న్యాయంగా చెప్పాలంటే విండోస్ 10 నుంచి ఈ విషయంలో వాళ్ళు చాలా మెరుగయ్యారు.) అమీర్‌పేట కోచింగుల్లో, పక్కింటి హార్డువేరు షాపుల్లో మనం నేర్చుకున్న ఏకైక వైద్యం "ఫార్మాట్ కొట్టు". అదే మందుని లినక్సుకీ పోస్తున్నాం.

లినక్సు కథ వేరు. డ్రైవర్లలో చాలా భాగం కెర్నలుతో పాటే, మాడ్యూళ్ళుగా డిస్కు మీద ముందే ఉంటాయి. బూటయ్యేటప్పుడు యూడెవ్ అక్కడ ఏ హార్డువేరు ఉందో చూసి, దానికి తగిన మాడ్యూలుని ఎక్కిస్తుంది. నిన్న రియల్‌టెక్ కార్డు, ఇవాళ ఇంటెల్ కార్డు అయినా దానికి పట్టదు. నమ్మరా? మీరు ఫ్రెష్ ఇన్‌స్టాల్ చెయ్యడానికి వాడే ఆ లైవ్ పెన్‌డ్రైవు ఉంది చూశారూ, అదేంటి? అది కూడా ఎక్కడో, ఎవరి మెషీనులోనో తయారైన లినక్సే. అది మీ కొత్త బోర్డు మీద చక్కగా బూటయ్యింది, నెట్ వచ్చింది, స్క్రీన్ వచ్చింది. 2000లో క్నాపిక్స్ సీడీ వచ్చినప్పట్నించీ ఈ అద్భుతం చూస్తూనే ఉన్నాం. ఎవరిదో సిస్టం మీ హార్డువేరు మీద లేచి నిలబడి, "నీ సొంత సిస్టం ఈ హార్డువేరు మీద లేవదు" అని చెప్తుంటే మీకు నవ్వు రాలేదా? :-)

ఇక ఆఫీసు సంగతి. వీఎమ్‌వేర్ వీమోషన్ 2003లో వచ్చింది. నడుస్తున్న మెషీనుని ఆపకుండా ఒక సర్వరు మీంచి ఇంకో సర్వరు మీదకి తోసెయ్యడం అప్పట్నించీ మనకి తెలుసు. ఫిజికల్ సర్వరుని వర్చువల్‌గా మార్చడం, దాన్ని క్లౌడుకి ఎత్తుకెళ్ళడం - వీటికి గంటల లెక్కన బిల్లు వేస్తున్నాం. క్లయింటు డేటాబేసుని "ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా పెట్టేసుకోండి, డాక్యుమెంట్స్ ఫోల్డరు ఒక్కటి దాచాంలే" అని ఏ ఇంజనీరైనా అన్నాడా? అంటే ఆ సాయంత్రానికే బెంచి మీదుంటాడు. తేడా ఎక్కడొచ్చిందంటే అక్కడ డాలర్లున్నాయి, కిషన్‌బాగ్‌లో చాయ్ మాత్రమే ఉంది.

మరి ఆ షాపులో డిస్కు ఎందుకు బూటు కాలేదు? పాత బోర్డు బయోస్‌ది, కొత్తది యూఈఎఫ్ఐ. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి పాత పద్ధతి లేనే లేదు. అంటే సిస్టం లోపం కాదు, దాని వాకిలి మారింది, అంతే. ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళకి గంట పని.

లైవ్ పెన్‌డ్రైవుని యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ చెయ్యాలి. కొత్త డిస్కు ఉంటే (ఇప్పుడు ఎస్ఎస్‌డీ కొనడం కష్టమేం కాదు) దాని మీద జీపీటీ పార్టిషన్లు చేసి, ముందొక చిన్న ఫ్యాట్32 ఈఎస్‌పీ, తర్వాత ఎక్స్‌ట్4. పాత డిస్కుని చదవడానికి మాత్రమే మౌంట్ చేసి ఆర్‌సింక్‌తో మొత్తం కాపీ. హార్డ్‌లింకులు, ఏసీఎల్‌లు, ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు, నంబర్ల రూపంలో యూజర్ ఐడీలు - ఇవన్నీ మొయ్యమని దానికి చెప్పాలి, లేకపోతే పర్మిషన్లు పాడవుతాయి. తర్వాత ఎఫ్‌స్టాబ్‌లో కొత్త యూయూఐడీలు రాయాలి. అక్కడ ఎస్‌డీఏ అని పాత పేర్లుంటే ఇదే వాటిని వదిలించుకునే అదను, ఎన్‌వీఎమ్ఈ డిస్కుల పేర్లు వేరు కాబట్టి. డెవ్, ప్రాక్, సిస్ బైండ్ చేసి, కొత్త రూట్ లోపలికి సీహెచ్‌రూట్ అయి, గ్రబ్‌లో ఈఎఫ్ఐ రకం ప్యాకేజీ పెట్టి ఇన్‌స్టాల్ చేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మళ్ళీ కట్టడం. అయిపోయింది. పార్టిషన్లు చేత్తో చెయ్యడం భయమైతే తైవాన్ వాళ్ళ క్లోన్‌జిల్లా ఉంది, డిస్కుకి డిస్కు దింపేస్తుంది. కాకపోతే బయోస్ నుంచి యూఈఎఫ్ఐకి మారేటప్పుడు గ్రబ్ పని ఎలాగూ మీదే. ఇంకోటి, అచ్చు కాపీ తీస్తే రెండు డిస్కులకీ ఒకే యూయూఐడీ ఉంటుంది, రెండూ ఒకే మెషీనులో పెట్టి బూట్ చెయ్యకండి.

ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే "పాత సిస్టం లేవదు" అన్న పుకారుకి కాస్తో కూస్తో ఆధారం ఉన్నది ఇక్కడే. డెబియన్, ఉబుంటులు మామూలుగా అన్ని రకాల డ్రైవర్లనీ అందులో పెట్టేస్తాయి. ఫెడోరాలో డ్రాకట్ మాత్రం ఆ మెషీనుకి కావాల్సినవే పెడుతుంది. అందుకని ఫెడోరా డిస్కు కొత్త బోర్డులో తగిలిస్తే రూట్ దొరక్క ఆగిపోవచ్చు. కానీ వాళ్ళే బూట్ మెనూలో రెస్క్యూ అని ఒక ఎంట్రీ పెట్టారు, అందులో అందరి డ్రైవర్లూ ఉంటాయి. దాంతో లేపి డ్రాకట్‌ని మళ్ళీ నడిపితే చాలు. ఆర్చ్‌లో ఫాల్‌బ్యాక్ ఇమేజి ఉంటే అదీ ఇదే పని చేస్తుంది. డిస్కే కనపడకపోతే కంగారు పడి ఫార్మాటుకి పోకుండా, బోర్డు సెట్టింగుల్లో ఇంటెల్ ఆర్ఎస్‌టీ, వీఎమ్‌డీ లాంటివి ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. నెట్ రాకపోతే కార్డు పేరు మారి ఉంటుంది. 2013లో సిస్టమ్‌డీ కొత్త పేర్ల పద్ధతి తెచ్చినప్పట్నించీ పేరు స్లాటుని బట్టి వస్తోంది, కాన్ఫిగ్‌లో పాత పేరు దిద్దుకుంటే సరి. ఎన్‌విడియా వాళ్ళ సొంత డ్రైవరుంటే మార్చే ముందే తీసెయ్యండి. పాత మెషీను ఇంకా బతికుంటే కెర్నలునీ ఫర్మ్‌వేర్ ప్యాకేజీనీ అక్కడే అప్‌గ్రేడ్ చేసి, ఆ తర్వాత తరలించండి. కొత్త వైఫై చిప్పుని పాత కెర్నలు గుర్తుపట్టదు.

ఫ్రెష్ ఇన్‌స్టాల్ ఎప్పుడూ వద్దనటం లేదు. ఇంటెల్ నుంచి ఆర్మ్‌కి మారితే తప్పదు. సిస్టంలో దొంగలు పడ్డారని అనుమానముంటే తప్పదు. 32 బిట్ సిస్టం అయితే ఆలోచించాల్సిందే, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి ఐ386కి కెర్నలూ లేదు, ఇన్‌స్టాలరూ లేదు. కానీ "చెత్త పేరుకుపోయింది, శుభ్రంగా ఉంటుంది" అనేవాళ్ళకి మాత్రం నా దండం. మీరు చెత్త అంటున్నది ఆ షాపాయన పదేళ్ళ పని. మీకు ఆ పని పేరు తెలియదు, అంతే. "మా దగ్గర అన్నీ యాన్సిబుల్‌లో రాసుంటాయి, మెషీను పోతే ఇంకోటి" అనేవాళ్ళు కూడా ఉన్నారు. మంచిదే, మీవి రాసుంటాయి. ఆ కుర్రాడు రాయలేదు, వెళ్ళిపోయాడు. చేతిలో ఉన్నది డిస్కొక్కటే.

ఈ గోల ఇప్పుడెందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. టీపీఎమ్ 2.0 లేని పాత మెషీన్లు విండోస్ 11కి అధికారికంగా పనికిరావు. అలాంటివాటిలో కొన్నింట్లోకి లినక్సు వస్తోంది, సంతోషం. ఇన్‌స్టాల్ ఫెస్టులు పెట్టేవాళ్ళు, స్వేచ్ఛ లాంటి సంస్థల్లో తిరిగే కుర్రాళ్ళు కొత్తవాళ్ళకి ఎలా ఎక్కించాలో చక్కగా చెప్తారు. నాలుగేళ్ళకి ఆ పాత పెట్టె కూడా పోయినప్పుడు ఎలా మొయ్యాలో చెప్పే క్లాసు ఒక్కటి నేనింతవరకూ చూడలేదు. ఎక్కించిన రోజే ఒక గంట దానికి కూడా కేటాయిస్తే ఏం పోతుంది?

చివరిగా, మీరు నిజంగానే ఎవరికైనా తరలింపు చేసి పెడితే: పాత మెషీను కూడా నడుస్తూనే ఉండబోతుంటే, రెంటిలో ఒకదానికి మెషీన్ ఐడీ, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు మార్చండి. పాత డిస్కుని వెంటనే ఖాళీ చెయ్యకండి. మీద తేదీ రాసి, కవర్లో పెట్టి, ఓ మూడు నెలలు షాపాయన గల్లాపెట్టెలోనే ఉంచమనండి. కొత్తదాంట్లో ఉద్దెర లెక్క తెరిచి, ఆఖరి ఎంట్రీ ఏ తారీకుదో ఆయన చేతే చదివించండి. చాయ్ ఆ తర్వాత.