గడ్డ సంగతి ముందుగా తెలిసికొనుట విశ్వాసలోపమా?



ఖమ్మం మొదలుకొని భద్రాచలం వరకు, అటు దుమ్ముగూడెం, చర్ల అడవి అంచు గూడెముల వరకు ఉన్న మన సంఘములలో ఒక ప్రశ్న ఈ మధ్య మాకు ఎదురవుతున్నది. “అయ్యగారూ, కేన్సరు పాకుతుందో పాకదో జన్యు పరీక్ష చేసి ముందే చెబుతారంట. అలా ముందే తెలుసుకోవడం సోదె అడిగినట్టు కాదా? నమ్ముకున్నవాళ్ళు చేయించుకోవచ్చా?” ఊరికే అడిగే ప్రశ్న కాదిది. అడిగినవారి ఇంటిలో తొడపై గడ్డతో ఒక తల్లి ఉన్నది. కనుక ఈ నెల మన శీర్షికలో దీనినే ధ్యానిద్దాము.

మొదట వ్యాధి సంగతి. కండ, కొవ్వు, నరము, రక్తనాళము మొదలైన మెత్తని భాగములలో పుట్టే కేన్సరును వైద్యులు సాఫ్ట్ టిష్యూ సార్కోమా అంటారు. పెద్దవారికి వచ్చే కేన్సర్లలో ఇది నూటికి ఒకటి మాత్రమే; కాని దీనిలోనే 50కి పైగా రకములున్నవి. తొడలో, చేతిలో, కడుపు వెనుక భాగములో ఎక్కువగా కనబడుతుంది. ఆరంభములో చాలామందికి నొప్పి ఉండదు. అదే దీని మోసము. నొప్పి లేదు గనుక మిరప కోతలు అయ్యాక చూద్దాము, తునికాకు సేకరణ అయ్యాక చూద్దాము అని వాయిదా వేస్తారు. పసరు కట్టు కడతారు. ఏ పరీక్షా లేకుండా కొవ్వు గడ్డ అని ఎవరో కోసి తీసివేస్తారు. కొద్ది నెలలకు అదే చోట మరల లేస్తుంది. ఈ వ్యాధి ఎక్కువగా రక్తము ద్వారా ఊపిరితిత్తులకు పాకుతుంది. కాలిలో గడ్డ ఉంటే ఛాతీకి స్కానింగు ఎందుకు అని కొందరు విసుగుకొంటారు. కారణము ఇదే.

“సూది గుచ్చితే కేన్సరు లేస్తుంది” అనే భయము మన ఊళ్ళలో బలముగా ఉన్నది. ముక్క పరీక్ష చేయనిదే ఏ రకమో తెలియదు. ఆపరేషను చేసే వైద్యుని సలహాతో, సరియైన చోట సూదితో ముక్క తీస్తే ప్రమాదము చాలా తక్కువ. తెలియక అడ్డదిడ్డముగా కోయుటయే అసలు ప్రమాదము.

ఆ ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి వైద్యులు మూడు సంగతులు లెక్కిస్తారు: కణములు మామూలు కణములకు ఎంత దూరముగా మారినవి, ఎంత వేగముగా చీలుతున్నవి, గడ్డలో ఎంత భాగము చచ్చిపోయినది. వీటిని కలిపి 1, 2, 3 అని గ్రేడు వేస్తారు. 1984లో ఫ్రాన్సు దేశపు వైద్యులు ఏర్పరచిన పద్ధతి ఇది. గ్రేడు 1 గడ్డ అరుదుగా పాకుతుంది. గ్రేడు 3 గడ్డ పాకే అవకాశము ఎక్కువ. చిక్కంతా నడుమనున్న గ్రేడు 2 వారితోనే. వీరికి ఆపరేషను, కరెంటు వైద్యము చాలునా? లేక డాక్సోరుబిసిన్, ఐఫాస్ఫమైడ్ వంటి కఠినమైన మందులు కూడ ఎక్కించవలెనా? ఈ మందుల వలన జుట్టు రాలుతుంది, వాంతులవుతాయి. డాక్సోరుబిసిన్ మోతాదు పెరిగితే గుండెకు కూడ హాని కలుగవచ్చును. అవసరము లేనివానికి ఇవ్వరాదు, అవసరమైనవానికి మానరాదు.

ఇక్కడనే జన్యు పరీక్ష వస్తుంది. ఫ్రాన్సులోని బోర్డో నగరములో బెర్గోనియే అను కేన్సరు సంస్థకు చెందిన ఫ్రెడరిక్ షిబోన్ గారు, ఆయన తోటి పరిశోధకులు 2010లో ఒక పద్ధతిని ప్రకటించారు. దాని పేరు సిన్సార్క్. గడ్డ ముక్కలో 67 జన్యువులు ఎంత చురుకుగా పని చేస్తున్నవో ఇది కొలుస్తుంది. ఈ జన్యువులలో అనేకము కణము చీలేటప్పుడు క్రోమోజోములను సరిగా పంచే పనికి సంబంధించినవి. ఆ పంపకము గాడి తప్పిన గడ్డ దూరముగా పాకే అవకాశము ఎక్కువ. ఫలితమును బట్టి రోగులను తక్కువ అపాయము గలవారు, ఎక్కువ అపాయము గలవారు అని రెండు గుంపులుగా చేస్తారు. సూక్ష్మదర్శిని చెప్పే గ్రేడు కంటె ఇది మెరుగుగా చెప్పగలిగినదని వారి పరిశోధనలో తేలినది. దీనిని బట్టి మందులు నిర్ణయించితే రోగికి మేలు కలుగునా అని తెలిసికొనుటకు ఫ్రాన్సులో రోగులతో పరిశీలనలు ఆరంభమైనవి. ఇది మన జిల్లా ఆసుపత్రులలో చేసే పరీక్ష కాదు. అన్ని రకముల గడ్డలకు ఒకే తీరున వర్తించేది కూడ కాదు. మరియొక విధమైన జన్యు పరీక్ష పెద్ద కేన్సరు ఆసుపత్రులలో వాడుకలో ఉన్నది. యౌవనుల మోకాలి దగ్గర తరచుగా వచ్చే సైనోవియల్ సార్కోమాలో రెండు క్రోమోజోములు తమ ముక్కలు మార్చుకొంటాయి. దానిని కనిపెట్టి వైద్యులు వ్యాధి పేరు నిర్ధారిస్తారు.

ప్రియులారా, ఒక్క సంగతి మరువకండి. ఈ పరీక్షలు గడ్డలోని జన్యువులను చదివేవి, వంశమును చదివేవి కావు. “జన్యు పరీక్ష” అనగానే “వాళ్ళ రక్తములోనే ఉన్నదంట” అని ఊరంతా పాకి, కూతురికి కుదిరిన సంబంధము తప్పిపోవునేమో అని తల్లిదండ్రులు భయపడుతున్నారు. సార్కోమాలలో అత్యధిక భాగము తల్లిదండ్రుల నుండి వచ్చినవి కావు. కొద్ది కుటుంబములలో మాత్రము లోపము తరతరములకు దిగుతుంది. లీ, ఫ్రామెనీ అను ఇద్దరు వైద్యులు 1969లో అట్టి కుటుంబములను వర్ణించారు. దానికి కారణమైన టి.పి.53 జన్యువు లోపము 1990లో బయటపడినది. ఒకే ఇంటిలో చిన్న వయస్సులోనే పలువురికి కేన్సరు వస్తే తప్ప అంత దూరము ఆలోచించనవసరము లేదు. అట్టివారు కూడ నిందకు పాత్రులు కారు, జాగ్రత్తకు అర్హులు.

పుట్టు గ్రుడ్డివానిని చూసి, పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ రెంటినీ త్రోసివేశాడు (యోహాను 9వ అధ్యాయము). తండ్రుల దోషమును పిల్లల మీద వేసే సామెతను యెహెజ్కేలు 18వ అధ్యాయములో దేవుడే కొట్టివేశాడు. కుష్ఠు రోగులను ఊళ్ళు వెలివేసిన దినములలో, 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసాని వారి కొరకు ఆసుపత్రి తెరిచారు. అట్టి సేవను చూసిన తెలుగు సంఘము ఈనాడు కేన్సరు ఇంటిని వేలెత్తి చూపుట తగునా?

ఇక సోదె ప్రశ్న. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము సోదెను నిషేధించుట నిజమే. సోదె దేవుని విడిచి చీకటి శక్తులను అడుగుతుంది. పరీక్ష మాత్రము ఇప్పటికే శరీరములో ఉన్నదానిని చదువుతుంది. పడమటి మబ్బు చూసి వాన వచ్చుననే రైతును ప్రభువు తప్పు పట్టలేదు. మబ్బును గుర్తించగలిగి కాలమును గుర్తించనందుకే గద్దించాడు (లూకా 12వ అధ్యాయము). రాబోవు ఏడు కరవు సంవత్సరములను దేవుడు ఫరోకు ముందుగా తెలిపినది ఏడ్చి కూర్చుండుటకు కాదు. యోసేపు చేత ధాన్యము కూర్పించుటకే. ముందుగా తెలియుట సిద్ధపడుటకు. పరీక్ష అవకాశమును చెబుతుంది గాని ఆయుష్షును చెప్పదు. ఎక్కువ అపాయము అని వచ్చినంతమాత్రాన అది మరణశాసనము కాదు. వైద్యము గట్టిగా చేయవలెనని అర్థము. తక్కువ అని వస్తే తనిఖీలకు వెళ్ళుట మానరాదు.

“అమ్మకు చెప్పకండి అయ్యగారూ, కుంగిపోతుంది” అని బిడ్డలు మమ్మును బ్రతిమాలుతారు. వారి ప్రేమ మాకు తెలుసు. కాని తన దేహమును గూర్చిన సత్యము ఆమెది. యెషయా 38వ అధ్యాయములో ప్రవక్త హిజ్కియాకు వ్యాధి సంగతి దాచలేదు. రాజు ప్రార్థించాడు, అంజూరపు ముద్దను పుండుకు కట్టారు, పదునైదు సంవత్సరములు ఆయుష్షు కలిగినది. సత్యము, ప్రార్థన, మందు మూడును ఆ ఒక్క గదిలో ఉన్నవి. కనుక మెల్లగా, అడిగినంత మేరకు, చేయి పట్టుకొని చెప్పండి.

చివరిగా కొన్ని పనులు. శరీరములో ఎక్కడైనను గడ్డ పెరుగుతూ ఉంటే, పెద్ద నిమ్మకాయంత దాటితే, లోతుగా ఉంటే, తీసిన చోట మరల వస్తే, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి; కోయించక ముందు స్కానింగు, ముక్క పరీక్ష అడగండి. కాలు తీసివేస్తారని భయపడి ఆగకండి. 1982లో అమెరికాలో 43 మంది రోగులతో చేసిన పరిశోధనలో, కాలు చేయి తీసివేసినవారికీ, గడ్డ మాత్రము తీసి కరెంటు పెట్టినవారికీ బ్రతుకులో తేడా కనబడలేదు. హైదరాబాదులో 1955 నుండి సేవ చేస్తున్న ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రి ఉన్నది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. ఏ ఖర్చు దానిలోనికి వస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

భద్రాచలం నుండి హైదరాబాదుకు మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణము. బస్సు చార్జీ, అక్కడ భోజనము, ఇంటి దగ్గర మేకలను చూసేవారు, వీటి కొరతతోనే మన పేదలు వైద్యము సగములో మానుతున్నారు. స్త్రీల సమాజము పిడికెడు బియ్యము కానుకలో ఒక భాగము దీనికి కేటాయించవచ్చును. యౌవనులు వంతుల ప్రకారము తోడు వెళ్ళవచ్చును. పక్షవాతముగల వానిని మోసినవారు నలుగురు. వారి విశ్వాసమును ప్రభువు చూశాడని మార్కు 2వ అధ్యాయము చెబుతున్నది. మంచము మోయుట కూడ విశ్వాసమే.

గడ్డతో ఉన్న ఆ తల్లి కొరకు ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనండి. ప్రభువు మీ గృహములను కాపాడును గాక. ఆమేన్.