ఆటిజం అని చెప్పి తిప్పి పంపకండి

మాటలు రాని ఆరేళ్ల పిల్లాడు పొద్దున లేస్తూనే వాంతి చేసుకుంటాడు. తల గోడకేసి కొట్టుకుంటాడు. నెల కిందటి దాకా గంతులేసినవాడు గోడ పట్టుకుని నడుస్తాడు. తల్లి డాక్టరు దగ్గరికి పరిగెత్తితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఆటిజం పిల్లలు అంతేనమ్మా, థెరపీ మానకండి."

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నొప్పి అని నోటితో చెప్పలేని బిడ్డ ఇంకెలా చెప్పాలి? తలతోనే చెబుతున్నాడు కదా!

ఈ లక్షణాల వెనక మెదడు కణితి ఉండొచ్చు. మెడుల్లోబ్లాస్టోమా లాంటి కణితి తల వెనక, చిన్నమెదడు దగ్గర పెరుగుతుంది. మెదడులోని నీరు పారే దారి మూసుకుపోతుంది. రాత్రంతా పడుకునే ఉండటంతో లోపలి ఒత్తిడి ఎక్కువై తెల్లవారేసరికి వాంతి. అడుగు తడబడుతుంది, మెడ ఓ పక్కకు వాలుతుంది. ఇవన్నీ వైద్యవిద్యార్థులు చదువుకునేవే. బ్రిటన్‌లో 2011లో మొదలైన హెడ్‌స్మార్ట్ ప్రచారం ఇలాంటి లక్షణాలనే తల్లిదండ్రులకూ, డాక్టర్లకూ విడమరిచి చెప్పింది. ఆ జాబితాలో ప్రవర్తన మారడం కూడా ఉంది. ఆటిజం ఉన్న బిడ్డ విషయంలో మాత్రం దాన్ని కొట్టేయమని ఏ పుస్తకం చెప్పింది? పిల్లల క్యాన్సర్లలో లుకేమియా తర్వాత ఎక్కువగా వచ్చేవి మెదడు కణితులే. ఆటిజం వాటికి అడ్డుగోడ కాదు.

కదలకుండా పడుకోడు, ఎంఆర్‌ఐ ఎలా తీస్తామంటారు. రెండేళ్ల పసివాళ్లకు మత్తిచ్చి తీయడం లేదా? వీడికీ అలాగే తీయండి. ఇక ఆసుపత్రిలో వంతు కోసం కిక్కిరిసిన హాల్లో, మైకుల మోతలో గంటల తరబడి కూర్చోబెట్టి, వాడు కేకలేస్తే "పిల్లాణ్ని అదుపులో పెట్టుకోండి" అని తల్లిని కసురుతారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. డాక్టరు చూడటంలోనూ, వైద్యంలోనూ వాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలని 25వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి టోకెన్లు ఇచ్చే కౌంటరు దాకా ఎందుకు రాలేదు?

ఇక కణితి బయటపడ్డాక బంధువుల వంతు. "అసలే అలాంటి పిల్లాడు, అంత ఖర్చుపెట్టి ఏం లాభం?" అని తండ్రి చెవిలో ఊదుతారు. మాటలొచ్చిన బిడ్డ గురించి ఇలా అనగలరా? ఆ ప్రశ్న వేసినవాళ్లను గడప బయటే ఆపాలి.

డాక్టరుగారూ, "వీడు మునుపిలా లేడండీ" అని తల్లి అంటే ఆ మాటను కేస్‌షీట్‌లో రాయండి. పిల్లాణ్ని నాలుగడుగులు నడిపించి చూడండి. కంటి వెనక నరం వాచిందేమో చూడండి. వాడు చూడనివ్వకపోతే అది స్కాన్ వాయిదా వేయడానికి సాకు కాదు, ఆ రోజే రాయడానికి కారణం.