కత్తి పట్టేటాయనకు పట్టా కావాలె, కత్తి కడిగేటాయనకు వద్దా?

చర్లపల్లి పేరు చెబితే బయటివాళ్లకు సెంట్రల్ జైలు, ఆయిల్ డిపోలు యాదికొస్తాయి. 2025 జనవరిలో కొత్త రైల్వే టెర్మినల్ వచ్చాక రైలు కూడా యాదికొస్తున్నది. కానీ ఇక్కడి షెడ్లల్లో పనిచేసే కార్మికునికి తెలిసిన చర్లపల్లి వేరు. ప్రెస్సు మిషన్ల వేలు పడితే ఎటు ఉరకాలె, ఆ రాత్రి ఎవరు ఆపరేషన్ చేస్తరు, పైసలు ఎక్కడినుంచి తేవాలె అన్నదే అతని లెక్క. ఈఎస్ఐ కార్డు ఉంటే నాచారం, కేసు పెద్దదైతే సనత్‌నగర్. కార్డు లేనోళ్లకు గాంధీ, లేకపోతే ఈసీఐఎల్ చౌరస్తా నుంచి ఉప్పల్ దాకా రోడ్డు పొడుగునా వెలిసిన నర్సింగ్ హోములు.

ఈ వైద్యం ఎవరూ ఉత్తగ ఇస్తలేరు. 2019 జూలైలో ఖరారైన రేటు ప్రకారం కార్మికుని జీతంలోంచి 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం ఈఎస్ఐకి కట్టాలె. పదహారు వేల జీతగాని చేతిలోకి రాకముందే 120 రూపాయలు పోతాయి, అతని పేరు మీద యాజమాన్యం 520 కడుతుంది. ప్రైవేటు థియేటర్లకు 2007 నుంచి ఆరోగ్యశ్రీ సొమ్ము పోతున్నది. 2023 డిసెంబర్లో ఆ పరిమితి పది లక్షలకు పెరిగింది. అంటే ప్రజల సొమ్ము నడవని ఆపరేషన్ థియేటర్ వెతికితే గాని దొరకదు. అలాంటప్పుడు ఆ తలుపు వెనకాల ఎవరున్నరు, వాళ్లేం చదివిన్రు అని అడిగే హక్కు మనకు లేదా?

డాక్టర్ సంగతి కాదు మేం అడిగేది. ఆయన పేరు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు బయట బోర్డు మీద ఉంటాయి. నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ ఉన్నది. మేం అడిగేది మూడో మనిషి గురించి. కొన్ని దవాఖానల్లో అతన్ని ఓటీ టెక్నీషియన్ అంటారు, కొన్నిచోట్ల థియేటర్ అసిస్టెంట్ అంటారు, చాలాచోట్ల "ఏ, థియేటర్ బాయ్" అని పిలుస్తారు. యాభై ఏండ్లు వచ్చినా బాయే!

ఈ బాయ్ చేసే పనేంది? మత్తు డాక్టర్ రాకముందు మత్తు మిషన్ లీకు లేదని చూసేది ఇతనే. నల్ల సిలిండర్ ఆక్సిజన్, నీలం సిలిండర్ నైట్రస్ ఆక్సైడ్ అని గుర్తుపట్టి తగిలించేది ఇతనే. పేషెంటును బల్ల మీద పండబెట్టి, చేయి వంకరగా పడితే నరం దెబ్బతింటుందని సర్దేది, కాటరీ ప్లేటు సరిగ్గా అంటుకోకపోతే తోలు కాలుతుందని చూసేది ఇతనే. పొట్ట కుట్టేముందు నర్సుతో కలిసి గుడ్డలు లెక్కపెట్టేది, ఆటోక్లేవ్‌లో కత్తులు, కత్తెరలు ఉడికించేది కూడా ఇతనే. 121 డిగ్రీల వేడి తగినంత సేపు నిలవకపోతే ఆ కత్తి తళతళ మెరుస్తుంది గాని శుద్ధి కాదు. ఆ తేడా కంటికి కనబడదు. చదువుకున్నోడికి ఇండికేటర్ టేపు చెబుతుంది, ఎందుకు చెబుతుందో కూడా ఎరుక ఉంటుంది. చెప్పేవాడు లేనోడికి అది ఒట్టి టేపు.

మరి ఈ పనికి మనుషులను ఎట్ల తీసుకుంటున్నరు? ఈ తొవ్వలో పనిచేసే పిల్లలను అడిగితే వాళ్లే చెబుతారు. పదో తరగతి పాసో ఫెయిలో, ముందు ఊడ్చే పనికి, స్ట్రెచర్ నెట్టే పనికి చేరుతారు. ఆర్నెల్లకు "థియేటర్ల జర చేయిపెట్టు" అంటారు. రెండేండ్లకు టెక్నీషియన్ అయిపోతాడు. జీతం మాత్రం ఊడ్చేవాని జీతమే. పక్క బస్తీలోనే రెండేండ్లు డిప్లొమా చదివిన ఇంకో పిల్లగాడు మెడికల్ షాపుల బిల్లులు కొడుతుంటాడు. ఇద్దరూ మనోళ్లే, ఇద్దరికీ దగానే.

ఏం జరుగుతుందో చూడనోళ్లం కాదు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒక్కనాడు 34 మంది ఆడోళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిన్రు. నలుగురు చనిపోయిన్రు. ఉప్పల్ నుంచి పోతే గంట తొవ్వ. విచారణలో ముందుకొచ్చిన మాట ఇన్ఫెక్షన్, పరికరాల శుద్ధిలో లోపం. బయట చర్చ మాత్రం చాలావరకు డాక్టర్ ఎవరు, ఎంత వేగంగా చేసిండు అన్నదాని చుట్టే తిరిగింది. లెక్క చేసి చూద్దాం. ల్యాప్రోస్కోపును గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో కనీసం ఇరవై నిమిషాలు నానబెట్టాలె. ఒక్క పరికరంతో 34 ఆపరేషన్లు చేస్తే ఉత్త నానబెట్టడానికే పదకొండు గంటలు దాటుతుంది. మూడుంటే నాలుగు గంటలకు దగ్గర. ఈ లెక్క వేసి "సార్, ఇంకా పది నిమిషాలు ఆగాలె" అని డాక్టర్‌కు చెప్పగలిగే మనిషి థియేటర్లో ఉండాలె. చెప్పడానికి చదువు కావాలె. చెప్పినందుకు రేపు నౌకరి పోదన్న ధైర్యం అంతకన్నా ఎక్కువ కావాలె. అందుకే అర్హత వేరు, పర్మనెంట్ కొలువు వేరు అని మేం అనుకోవడం లేదు.

ఇక చట్టాల సంగతి. లేవని ఎవరూ అనలేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో పారామెడికల్ బోర్డు చట్టం వచ్చింది. రాష్ట్రం వచ్చాక అది తెలంగాణ పారామెడికల్ బోర్డు అయింది. అనస్థీషియా టెక్నీషియన్ డిప్లొమా ఉన్నది, స్టెరిలైజేషన్, ఆపరేషన్ థియేటర్ పని కలిపి నేర్పే డిప్లొమా ఉన్నది. ఇంటర్ మీద రెండేండ్ల చదువు. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కింద డిగ్రీ కూడా వచ్చింది. 2021లో పార్లమెంటు అలైడ్, హెల్త్‌కేర్ వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం చేసింది. టెక్నీషియన్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేండ్లలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలని అందులో రాసిన్రు. సర్జరీ, అనస్థీషియా సాంకేతిక పనులను ఆ చట్టం షెడ్యూల్లో ఎక్కించిన్రు. మూడేండ్లు గడిచినా రాష్ట్రాలు కదలకపోతే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కోపం చేసి రెండు నెలల గడువు పెట్టింది. చట్టం ఢిల్లీ నుంచి బయలుదేరింది గాని చర్లపల్లి స్టేషన్ల దిగిన జాడ లేదు.

"థియేటర్ బాయ్‌కి కూడా చదువెందుకు, చూసి నేర్చుకుంటరు" అనే పెద్దమనుషులకు మన నగరం చరిత్రే జవాబు. క్లోరోఫామ్ ప్రమాదమా కాదా అని ప్రపంచం కొట్లాడుకుంటున్నప్పుడు 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి హైదరాబాద్‌లో కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి నిజాం పైసలిచ్చిండు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుబట్టి చెప్పిందేంటంటే, మత్తు ఇచ్చే మనిషి కన్ను పేషెంటు ఊపిరి మీదనే ఉండాలె అని. గుండెకు ముప్పు లేదన్న ఆయన మాట తర్వాత నిలవలేదు, అది వేరే సంగతి. కానీ ఆ పనికి మనిషిని ప్రత్యేకంగా తయారు చేయాలన్న ఎరుక ఈ గడ్డ మీద ఆనాడే ఉన్నది. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూంజీ మత్తు ఇవ్వడంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరిగా పేరు తెచ్చుకున్నది. నూటముప్పై ఏండ్లు దాటినంక అదే నగరంలో "చూసి నేర్చుకుంటరు" అంటున్నం.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలె. అర్హత అనే పేరు పెట్టి ఇరవై ఏండ్ల నుంచి థియేటర్లో నిలబడ్డ మనిషిని రేపు పొద్దున గేటు బయటికి నెడతామంటే మేం ఒప్పుకోం. సర్కారు దవాఖానల్లో ఎంఎన్‌వోగా చేరి, రాత్రి డ్యూటీలు చేసి, సీనియర్ డాక్టర్లకే పరికరం ముందుగా అందించేంత నేర్చినవాళ్లు ఉన్నరు. వాళ్ల చేతిల ఉన్న విద్య ఏ కాలేజీలో దొరకదు. ఆ మాటకొస్తే డిప్లొమా పేరు మీద నడిచే కొన్ని కాలేజీల సంగతి తెలియనిదెవరికి? రెండేండ్లు ఫీజు కడితే కాగితం చేతికొస్తుంది, థియేటర్ గడప తొక్కనే అవసరం లేదు. అటువంటి కాగితం ఉన్నోడు లోపలికి, పని తెలిసినోడు బయటికి పోతే పేషెంటుకు ఒరిగేదేముంది? యజమానికి మాత్రం ఫైలు నిండుతుంది.

2021 చట్టంలో అప్పటికే ఆ పని చేస్తున్నవాళ్లు నమోదు చేసుకునే వీలు పెట్టిన్రు. ఆ వీలును ఉద్యోగి దాకా తీసుకుపోయే పని ఎవరిది? బ్రిటన్‌లో థియేటర్ సిబ్బంది ఎట్లుండాలె అని 1970లో లూయిన్ కమిటీ నివేదిక ఇస్తే, వాళ్ల పేర్లు చట్టబద్ధమైన రిజిస్టర్లో ఎక్కడానికి 2004 దాకా పట్టింది. ముప్పై నాలుగేండ్లు. వాళ్లకే అంత పట్టింది గదా అని మన అధికారులు చంకలు గుద్దుకోవద్దు. వాళ్లు తొవ్వ వేసి పెట్టిన్రు, మనం నడిస్తే చాలు.

ఇక కొలువులు. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. థియేటర్ పనిని ఏజెన్సీల చేతిల పెట్టడానికి కాదు. 2021 జూన్‌లో వచ్చిన జీవో 60లో అవుట్‌సోర్సింగ్ వాళ్లకు మూడు మెట్లు పెట్టిన్రు: 15,600, 19,500, 22,750. డిప్లొమా చదివి మత్తు మిషన్ నడిపేవాడు ఏ మెట్టు మీద ఉండాలె? ఏజెన్సీ వాడు ఏ మెట్టు మీద చూపిస్తడు? చదువు అడిగేటప్పుడు టెక్నీషియన్, జీతం ఇచ్చేటప్పుడు బాయ్ అంటే నడవదు. అర్హత పెంచితే జీతం మెట్టు కూడా పెరగాలె, పోస్టు మంజూరు కావాలె. ఉద్యోగ సంఘాలు ఈ రెండింటినీ విడదీసి మాట్లాడొద్దని మా మనవి.

విద్యార్థి సోదరులకు ఒక పని చెబుతున్నం. నాచారం, ఉప్పల్, కుషాయిగూడ వైపు ఏ దవాఖానకు పోయినా రిసెప్షన్‌లో ఒక ప్రశ్న అడగండి: థియేటర్లో పనిచేసేవాళ్ల పేర్లు, వాళ్ల రిజిస్ట్రేషన్ నంబర్లు ఎక్కడ రాసి పెట్టిన్రు? డాక్టర్ బోర్డు పక్కన ఇంకో బోర్డుకు గోడ మీద జాగ ఉంటది. దవాఖానల రిజిస్ట్రేషన్ కాగితాలు మేడ్చల్-మల్కాజిగిరి డీఎంహెచ్‌వో ఆఫీసుకు వచ్చినప్పుడు ఆ జాబితా లేకుండా సంతకం పడొద్దు. చదువు లేకుండా ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ల కోసం గాంధీ, ఉస్మానియా థియేటర్లలో శిక్షణ పెట్టాలె. అది కూడా షిఫ్టు అయిపోయినంక, జీతం కోత లేకుండా, ఫీజు లేకుండా. వాళ్లు ఇన్నేండ్లు చేసిన రాత్రి డ్యూటీల్లో ఎన్ని గంటలను ఆ 2,000 గంటల్లో జమ చేస్తారో ముందే కాగితం మీద రాసియ్యాలె. తర్వాత పరీక్ష పెట్టండి. అదీ కాగితం పరీక్ష కాదు. ఆటోక్లేవ్ ముందర నిలబెట్టి, మిషన్ ముందర నిలబెట్టి అడగండి.